'నెట్ రావట్లేదు' అంటే ఏది రావట్లేదు? యూనివర్సిటీ నెట్‌వర్క్ సాయం ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది

పరీక్ష ఫీజు కట్టడానికి ఆఖరి రోజు, సాయంత్రం నాలుగున్నర. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం అమ్మాయి మా గది గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ఫోను, ముఖం నిండా టెన్షన్. "ఏటమ్మా, ఏటయింది?" అన్నాను. "నెట్ రాట్లేదు సార్. పొద్దున్నుంచీ తిరుగుతున్నాను. హాస్టల్లో అడిగితే డిపార్ట్‌మెంట్‌కి వెళ్లమన్నారు, డిపార్ట్‌మెంట్లో లైబ్రరీకి పొమ్మన్నారు, లైబ్రరీ వాళ్లు మీ దగ్గరికి పంపారు" అంది.

విశాఖలోని ఒక క్యాంపస్ నెట్‌వర్క్ విభాగంలో కొన్నేళ్లు పనిచేశాను. అక్కడ నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే, 'నెట్ రావట్లేదు'. ఒళ్లు వెచ్చబడిందని చెప్పడం లాంటిదే ఇదీ. జ్వరం ఒక్కటే కనిపిస్తుంది. లోపల మలేరియా ఉందో, టైఫాయిడో, మామూలు పడిశమో చూస్తే గానీ తెలియదు.

ఈ మధ్య ఈ విషయం మీద కొత్త ప్రశ్న ఒకటి వినిపిస్తోంది. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖలో ఏఐ హబ్ పెడతామనీ, అయిదేళ్లలో సుమారు 1,500 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడతామనీ ప్రకటించింది. సముద్రం అడుగున వేసే కొత్త కేబుళ్లు ఇక్కడి ఒడ్డుకు చేరతాయని కూడా చెప్పింది. "ఊళ్లోకి అంత పెద్ద డేటా సెంటర్ వస్తోంది, మా హాస్టల్ గదిలో ఒక పేజీ తెరుచుకోదేం?" అని పిల్లలు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కావాలంటే ఫోను నుంచి బయటి ప్రపంచం దాకా ఉన్న దారిని ఒకసారి నడిచి చూడాలి.

## గది నుంచి సర్వర్ దాకా: ఒక్కో మజిలీకి ఒక్కో యజమాని

హాస్టల్ గదిలో ఎవరో ఫోనులో ఒక పేజీ నొక్కారనుకుందాం. ఆ అభ్యర్థన ముందు వరండా సీలింగుకి బిగించిన తెల్లటి డబ్బాకి చేరుతుంది. దాని పేరు యాక్సెస్ పాయింట్. వైఫై సిగ్నల్ ఇచ్చేది అదే. అక్కడి నుంచి గోడ వెంట పోయే లాన్ వైరు మీదుగా ఇనుప రాక్‌లో ఉన్న స్విచ్‌కి వెళ్తుంది. ఈ స్విచ్ లైటు వేసేది కాదు, ఇరవై నాలుగో నలభై ఎనిమిదో వైర్లు వచ్చి కలిసే పెట్టె. అక్కడి నుంచి ఫైబర్ మీద కంప్యూటర్ సెంటర్‌కి, అక్కడ ఫైర్‌వాల్‌కి. ఏది బయటికి పోవచ్చో ఏది లోపలికి రావచ్చో చూసే కాపలాదారు ఫైర్‌వాల్. అది దాటాకే క్యాంపస్ బయటికి పోయే లింకు. చాలా ప్రభుత్వ విద్యాసంస్థలకి ఇది విద్యా, పరిశోధనా సంస్థల్ని కలపడానికి 2010లో కేంద్రం ఆమోదించిన నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ నుంచి వస్తుంది. మరికొన్ని చోట్ల ప్రైవేటు ప్రొవైడర్ ఇస్తాడు, కొన్నిచోట్ల రెండూ ఉంటాయి. చిట్టచివర ఆ పేజీ ఉన్న సర్వర్. అది ముంబైలో ఉండొచ్చు, సింగపూర్‌లో ఉండొచ్చు.

ఇక్కడే చిక్కంతా ఉంది. గోడలో వైరింగ్ సాధారణంగా ఇంజనీరింగ్ విభాగం చూస్తుంది. రాక్‌కి కరెంటు ఇచ్చేది ఎలక్ట్రికల్ వాళ్లు. హాస్టల్ వైఫై కొన్నిచోట్ల బయటి కాంట్రాక్టరు చేతిలో ఉంటుంది. స్విచ్, ఫైర్‌వాల్ నెట్‌వర్క్ విభాగానివి. క్యాంపస్ పేరుతో ఉన్న మెయిల్ చాలావరకు గూగుల్‌దో మైక్రోసాఫ్ట్‌దో అయి ఉంటుంది. జర్నల్స్ లైబ్రరీ పని. ఫీజు పోర్టల్ పరీక్షల విభాగానిది, దాని వెనక ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ, డబ్బు కట్టే మెట్టు దగ్గర ఒక బ్యాంకు.

ఆ అమ్మాయిని నాలుగు చోట్లకి తిప్పిన వాళ్లలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరికి వాళ్లు తమ మజిలీ బాగానే ఉందని చూసుకున్నారు. మొత్తం దారిని ఒకేసారి చూసే మనిషి మాత్రం ఎవరికీ కనిపించలేదు. సముద్రపు కేబుళ్ల సంగతి కూడా ఇంతే. అవి మెరుగుపరిచేది ఊరు దాటాక ఉన్న దారిని. వరండాలోని తెల్ల డబ్బాకీ, రాక్‌లోని స్విచ్‌కీ వాటితో ఏ సంబంధం లేదు. నేను చూసిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం క్యాంపస్ గేటు దాటకముందే తేలిపోయినవి.

## కనెక్ట్ అయింది, కానీ నెట్ లేదు: సిగ్నల్, చిరునామా, గుర్తింపు

వైఫై గుర్తు నిండుగా కనిపిస్తే నెట్ ఉన్నట్టే అనుకుంటాం. ఆ గుర్తు చెప్పేది ఒక్కటే, తెల్ల డబ్బాకీ ఫోనుకీ మధ్య గాలిలో సిగ్నల్ బాగుందని. ఆ తర్వాత ఇంకో రెండు పనులు జరగాలి. ఫోనుకి ఒక చిరునామా దొరకాలి. దాన్నే ఐపీ అడ్రస్ అంటారు. ఆపైన ఈ ఫోను ఎవరిదో నెట్‌వర్క్ గుర్తుపట్టాలి.

చిరునామా సంగతి ముందు చూద్దాం. ఒక హాస్టల్ బ్లాక్‌కి 256 చిరునామాల కట్ట ఒకటి కేటాయించారనుకోండి. వాటిలో మొదటిదీ చివరిదీ వాడకూడదు, 254 మిగులుతాయి. యాక్సెస్ పాయింట్లకీ ప్రింటర్లకీ ఓ 14 తీసేస్తే 240. బ్లాక్‌లో 110 మంది ఉంటే, మనిషికి ఫోను, లాప్‌టాప్ కలిపి 220. సరిపోయింది. ఇప్పుడు కాలేజీ ఫెస్ట్ వచ్చింది, గదుల్లోకి ముప్ఫై మంది స్నేహితులు వచ్చారు. 250 పరికరాలు, 240 చిరునామాలు. చివరన వచ్చిన పది మందికీ ఏమీ దొరకదు. పైగా చిరునామాని ఒకసారి ఇస్తే కొంత గడువు దాకా అది ఆ పరికరం పేరు మీదే ఉంటుంది. గడువు 24 గంటలైతే, పొద్దున్న బస్సెక్కి వెళ్లిపోయిన స్నేహితుడి ఫోను రాత్రి దాకా చోటు పట్టుకునే ఉంటుంది.

అలా చిరునామా దొరకని విండోస్ లాప్‌టాప్ 169.254తో మొదలయ్యే ఒక నంబరు తనకి తానే పెట్టుకుంటుంది. ఆ నంబరు కనబడిందంటే సిగ్నల్ ఉన్నా చిరునామా ఇచ్చేవాడు పలకలేదని అర్థం. ఫోను పదిసార్లు ఆపి వేసినా లాభం లేదు, తప్పు ఫోనులో లేదు కాబట్టి. నెట్‌వర్క్ విభాగం ఆ చిరునామాల కట్టను పెద్దది చేయాలి, లేదా గడువు తగ్గించాలి. రెండూ కుర్చీలోంచి లేవకుండా చేసే పనులే. కానీ కారణం ఇదని ముందు వాళ్లకి తెలియాలి.

ఇక గుర్తింపు. ఆ అమ్మాయి చిక్కు ఇక్కడ ఉంది. మా క్యాంపస్‌లో అప్పట్లో ఫోను నంబరులాంటి ఒక పన్నెండు అక్షరాల నంబరు ఫారంలో రాసివ్వాలి. దాన్ని మ్యాక్ అడ్రస్ అంటారు. ప్రతి పరికరానికీ తయారీలోనే వచ్చే నంబరు అది. ఆమె సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరిచి, అక్కడున్న నంబరు ఒక్క అక్షరం తప్పు పోకుండా రాసింది. అది 3సితో మొదలవుతోంది. మా స్క్రీన్ మీద మాత్రం ఆమె ఫోను డి6తో మొదలయ్యే నంబరు చూపిస్తోంది. నెట్‌వర్క్ దృష్టిలో అది ఎవరో ముక్కూమొహం తెలియని ఫోను. లోపలికి రానివ్వలేదు.

2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫై దగ్గర అసలు నంబరు చూపించడం మానేశాయి. షాపింగ్ మాల్స్ లాంటి చోట్ల ఆ నంబరు పట్టుకుని మనుషుల కదలికలు గమనించే వీలు లేకుండా, ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో మారు నంబరు తయారుచేసి ఇస్తాయి. గుర్తుపట్టడం తేలికే. రెండో అక్షరం 2, 6, ఎ, ఇ లలో ఒకటైతే అది ఫోను కల్పించుకున్న నంబరు. డి6లో రెండో అక్షరం 6. ఫోను తన యజమానురాలిని కాపాడే పని చేసింది, మా ఫారం పాత కాలానిది. ఆమె వైపు తప్పు లేనే లేదు. కొత్త నంబరు ఎక్కించాక నాలుగు యాభైకల్లా పేజీ తెరుచుకుంది.

ఇప్పుడు చాలా క్యాంపస్‌లు నంబరు బదులు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో మనిషినే గుర్తించే పద్ధతికి మారుతున్నాయి. యూరప్‌లో పుట్టిన ఎడ్యురోమ్ కూడా ఆ పద్ధతే. సొంత యూనివర్సిటీ ఖాతాతో, అందులో చేరిన మరో యూనివర్సిటీ వైఫై కూడా వాడుకోవచ్చు. మన దేశంలో దాన్ని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎర్‌నెట్ ఇండియా చూస్తుంది.

## ఉప్పు గాలి, కరెంటు, ఎనిమిది రేకులు

సముద్రం పక్కన ఉన్న ఊరికి ప్రత్యేకంగా కొన్ని చిక్కులుంటాయి. బీచ్ వైపు కిటికీలున్న భవనాల్లో గోడ మీది లాన్ సాకెట్‌లోకి టార్చి వేసి చూడండి. లోపల ఎనిమిది సన్నటి రేకులు వరసగా కనిపిస్తాయి. కొత్తవాటికి బంగారు పూత మెరుస్తూ ఉంటుంది. కొన్నేళ్ల ఉప్పు గాలి తగిలిన సాకెట్‌లో పూత అరిగిన చోట పచ్చటి చిలుము. ఇత్తడి బిందె మూలల్లో పట్టేదిగా, అదే.

ఆ ఎనిమిది రేకులు నాలుగు జతలు. సెకనుకి వెయ్యి మెగాబిట్ల వేగం రావాలంటే నాలుగు జతలూ పనిచేయాలి. వంద మెగాబిట్లకి రెండు జతలు చాలు. చిలుము ఒక జతని దెబ్బతీస్తే చాలాసార్లు నెట్ పూర్తిగా పోదు, వేగం వెయ్యి నుంచి వందకి జారుతుంది. ఆ వైరు వెళ్లేది ఒక యాక్సెస్ పాయింట్‌కైతే, ఆ వరండాలో ఉన్న వాళ్లందరూ ఆ వందనే పంచుకోవాలి. అప్పుడు వచ్చే ఫిర్యాదు 'నెట్ రావట్లేదు' కూడా కాదు, 'నెట్ స్లోగా ఉంది'. అందరూ బయటి లింకుని తిట్టుకుంటారు. లింకు పెంచితే ఖర్చు లక్షల్లో ఉంటుంది. సాకెట్ మార్చడానికి అందులో పిసరంత కూడా కాదు. నాకు ఇప్పటికీ బాధనిపించే సంగతి ఇది.

కరెంటు ఇంకొకటి. కరెంటు పోయినా లాప్‌టాప్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి నెట్ ఎందుకు పోయిందో విద్యార్థికి తోచదు. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, కింది అంతస్తు స్విచ్‌కి యూపీఎస్ లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు నగరం మొత్తానికి రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేవు. చెట్లతో పాటు వాటి మీదుగా వేలాడిన తీగలూ తెగిపడ్డాయి. కేబుల్ భూమిలోంచి పోవాలా, స్తంభాల మీదుగానా అనే ప్రశ్న ఈ ఊళ్లో కాగితం మీది ప్రశ్న కాదని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

## క్యాంపస్‌లో తెరుచుకునే పేపర్ గాజువాకలో ఎందుకు తెరుచుకోదు

పీహెచ్‌డీ చేసేవాళ్లకి తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. డిపార్ట్‌మెంట్‌లో కూర్చుంటే జర్నల్ పేపర్ ఉచితంగా తెరుచుకుంటుంది. రాత్రి గాజువాకలోని ఇంటికి వెళ్లి అదే లింకు నొక్కితే డబ్బు కట్టమంటుంది. స్కాలర్లు నెట్‌వర్క్ విభాగానికి ఫోన్ చేస్తారు. నిజానికి నెట్ బాగానే ఉంది.

ప్రచురణకర్తకి మీరు ఎవరో తెలియదు. క్యాంపస్ నుంచి బయటికి వచ్చే వేల మంది, బయటి ప్రపంచానికి కొద్దిపాటి పబ్లిక్ చిరునామాలుగానే కనిపిస్తారు. 'ఈ చిరునామాల నుంచి వచ్చేవాళ్లకి చందా కట్టారు, తెరిచి ఇవ్వండి' అన్నదే ఒప్పందం. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ చిరునామా ఆ జాబితాలో ఉండదు. 2025 జనవరి 1న మొదలైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం కింద 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నల్స్ ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకి అందుబాటులోకి వచ్చాయి. మూడేళ్లకి కేంద్రం 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. జర్నల్స్ పెరిగాయి గానీ, ఆ మనిషి మన క్యాంపస్ వాడేనని ఇంటి నుంచి రుజువు చేసుకోవాల్సిన అవసరం పోలేదు.

దానికి రెండు దారులు. ఒకటి వీపీఎన్. ఇంట్లోని లాప్‌టాప్ నుంచి క్యాంపస్ దాకా ఒక సొరంగం వేసినట్టు, ట్రాఫిక్ క్యాంపస్‌కి వెళ్లి అక్కడి చిరునామాతో బయటికి వస్తుంది. దీన్ని ఇచ్చేది నెట్‌వర్క్ విభాగం. రెండోది యూనివర్సిటీ లైబ్రరీల కోసం పనిచేసే, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ నడిపే ఇన్‌ఫెడ్. ఇందులో సొరంగం ఏమీ ఉండదు, యూనివర్సిటీయే 'ఈయన మావాడే' అని ప్రచురణకర్తకి హామీ ఇస్తుంది. దీన్ని సాధారణంగా లైబ్రరీ చూస్తుంది. అంటే ఒకే ఫిర్యాదుకి రెండు గుమ్మాలు.

నేను పనిచేసిన చోట ఒకసారి క్యాంపస్ మొత్తానికి జర్నల్స్ ఆగిపోయాయి. లైబ్రరీ వాళ్లు చందా కట్టామన్నారు, రసీదు చూపించారు. మేము లింకు బాగుందన్నాం, స్క్రీన్ చూపించాం. ఇద్దరం నిజమే చెప్పాం. రెండు వారాల ముందు మేము బయటి లింకు మార్చుకున్నాం, దాంతో పబ్లిక్ చిరునామాలు మారాయి. ఆ సంగతి లైబ్రరీకి చెప్పాలని మాలో ఎవరికీ తట్టలేదు. ప్రచురణకర్తల జాబితాలో పాత చిరునామాలే ఉండిపోయాయి. థీసిస్ ఇచ్చే గడువులో ఉన్న స్కాలర్లు ఆ రోజులు ఎలా గడిపారో నాకు తెలుసు.

## పేరు కుదరకపోతే నెట్‌వర్క్ ఏం చేయగలదు

దీన్ని క్లుప్తంగా చెప్తాను. మన పిల్లల పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో చివరికి పోతుంది, ఇంకోచోట ఒట్టి పొడి అక్షరం మిగులుతుంది. విద్యార్థి చదువులో సంపాదించిన క్రెడిట్లని జమచేసే, 2021 నిబంధనలతో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఖాతా డిజిలాకర్ ద్వారా తెరవాలి. యూనివర్సిటీ రికార్డులోని పేరు దానితో కలవకపోతే క్రెడిట్లు జమయ్యే దగ్గర చిక్కొస్తుంది. విద్యార్థికి కనిపించేది తెర మీద ఎర్ర అక్షరాలే కాబట్టి అది కూడా 'నెట్ ప్రాబ్లమ్' అయిపోతుంది. నెట్‌వర్క్ విభాగంలో దాన్ని దిద్దే అధికారం ఎవరికీ ఉండదు. అది ఆధార్ కేంద్రంలోనో అకడమిక్ సెక్షన్‌లోనో తేలాల్సిన పని.

## ఎవరు ఏం చూశారో రాసిపెట్టడం: రక్షణా, నిఘానా

ఒక్కొక్కరికీ వేరే లాగిన్ ఎందుకు, స్నేహితుడి పాస్‌వర్డ్ వాడితే ఏమవుతుంది అని అడుగుతారు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ సిస్టమ్స్ లాగులు 180 రోజులు దాచాలి, సైబర్ ఘటనలు గమనించిన ఆరు గంటల్లోపు తెలియజేయాలి. లాగు అంటే ఏ సమయంలో ఏ చిరునామా ఎవరి పేరు మీద ఉందో చెప్పే చిట్టా. ఒక బెదిరింపు మెయిల్ క్యాంపస్ నుంచి వెళ్లిందని పోలీసులు వస్తే, చిట్టాలో ఎవరి పేరుంటే ముందు వాళ్లనే పిలుస్తారు. పాస్‌వర్డ్ ఇచ్చిన స్నేహితుడికి అక్కడ చాలా ఇబ్బంది. మోసపూరితంగా ఇంకొకరి పాస్‌వర్డ్ వాడితే ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

విద్యార్థుల వాదనలోనూ బలం ఉంది. హాస్టలే వాళ్లకి ఇల్లు. రాత్రి పదకొండుకి తను ఏ సైట్ చూశానో ఆఫీసులో ఎవరో చూడొచ్చంటే ఎవరికైనా ఇబ్బందిగానే ఉంటుంది, ఆడపిల్లలకి మరీను. నిజానికి కనిపించేది ఎంత? బ్రౌజర్‌లో భద్రమైన కనెక్షన్ ఉన్న సైట్లలో చాలావరకు ఏ సైట్‌కి వెళ్లారో నెట్‌వర్క్‌కి తెలుస్తుంది. అక్కడ ఏం చదివారో, ఏం టైప్ చేశారో తెలియదు. ఆ చిట్టా ఎవరు తెరవొచ్చు, ఎవరి అనుమతితో అన్నది రాతపూర్వకంగా అందరికీ తెలిసేలా పెట్టిన క్యాంపస్‌లో ఈ గొడవ సగం తగ్గుతుంది. పెట్టని చోట అనుమానం పెరగడం సహజం.

## టికెట్ నంబరా, తెలిసిన అన్నకి ఫోనా

సాయం అందే పద్ధతి మీద రెండు అభిప్రాయాలున్నాయి. ప్రతి ఫిర్యాదూ ఆన్‌లైన్‌లో టికెట్‌గా రావాలని నెట్‌వర్క్ వాళ్లంటారు. నంబరు ఉంటుంది, తేదీ ఉంటుంది, ఎవరి చేతిలో ఆగిందో కనిపిస్తుంది. తెలిసినవాళ్ల పని ముందు, తెలియనివాళ్ల పని తర్వాత అనే పక్షపాతం తగ్గుతుంది.

అటువైపు వాళ్ల మాట: నెట్ లేని మనిషి ఆన్‌లైన్‌లో టికెట్ ఎలా పెడతాడు? ఫారం ఇంగ్లీషులో ఉంటుంది, 'కేటగిరీ ఎంచుకోండి' అంటుంది. తన చిక్కు లాన్‌దో, డీఎన్ఎస్‌దో, ఫైర్‌వాల్‌దో తెలిస్తే ఆ పిల్ల ఇక్కడిదాకా ఎందుకొస్తుంది? పాడేరు నుంచో పాతపట్నం నుంచో ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీకి వచ్చిన పిల్లలకి ఆ ఫారం కన్నా, "అన్నా, ఒకసారి చూడవా" అని ల్యాబ్ అసిస్టెంట్‌ని అడగడమే తేలిక. ఆ అన్న వచ్చి చూసి, అక్కడికక్కడే బాగుచేసి వెళ్తాడు కూడా.

నేను రెండు వైపులా చూశాను. ఫోను మీద నడిచే సాయంలో మనిషి వెచ్చదనం ఉంది, దాన్ని పోగొట్టుకోకూడదు. కానీ దానికి జ్ఞాపకం ఉండదు. ఒక వానాకాలం మా హాస్టల్ బ్లాక్‌లో మూడో అంతస్తు నుంచి పదకొండు ఫిర్యాదులు వచ్చాయి. అన్నీ ఫోన్లే. నలుగురం తలా రెండు మూడు అందుకున్నాం. నేను ఒక గదికి వెళ్లి వైరు మార్చాను. ఇంకొకరు మరో గదిలో లాప్‌టాప్ సెట్టింగ్స్ మార్చారు. రెండు రోజులు పనిచేసేది, మళ్లీ పోయేది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

వాచ్‌మన్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టించాం. తేదీ, గది నంబరు, ఒక్క వాక్యంలో ఏమైందో, తెలుగులోనైనా సరే. వారం తిరిగేసరికి ఆ పేజీ చూస్తే గది నంబర్లన్నీ వరండాకి ఒకే వైపువి, వేళలన్నీ వాన పడ్డ రాత్రులవే. ఆ వైపు రాక్ బాత్రూమ్ గోడకి ఆనించి ఉంది. రాక్ తలుపు తీశాం, వెనక గోడ తడిగా చేతికి అంటుకుంది. ఇంజనీరింగ్ విభాగం వాళ్లు వచ్చి రాక్‌ని ఎదుటి గోడకి మార్చారు.